బాపు, నేను, ఆగే సాంచ: నగోయా నుంచి హమామత్సు దాకా

జపాన్ నుంచి వచ్చి నాలుగు రోజులైంది. ఇంకా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది, నిద్ర పట్టక కూర్చుని ఇది రాస్తున్నాను. ఇంకో వారం పోతే ఏ రోజు ఏం తిన్నామో, ఎక్కడ దారి తప్పామో అంతా కలగాపులగం అయిపోతుంది. వీసా, టికెట్లు, ఎయిర్‌పోర్టు సంగతులు రాయడం లేదు, వాటిలో చెప్పుకోవడానికి ఏమీ లేదు.

మాది సిరిసిల్ల. బాపు, అంటే మా నాన్న, నలభై ఏళ్లకు పైగా సాంచల మీద బతికాడు. మొదట భీవండిలో పదేళ్లు కూలికి, తర్వాత ఊరికొచ్చి సొంతంగా ఎనిమిది సాంచలు పెట్టుకుని ఆసామిగా. (సాంచ అంటే పవర్‌లూమ్. మా ఊళ్ళో చిన్నపిల్లలు కూడా పవర్‌లూమ్ అనరు.) రెండేళ్ల కింద ఆ ఎనిమిదింటినీ తుక్కు కింద కిలో లెక్కన అమ్మేశాం. అప్పటినుంచి బాపుకు పగలు నిద్ర పట్టదు, చప్పుడు లేదు కదా. చెల్లె, బావ నగోయాలో ఉంటారు. ఓ రోజు ఫోన్లో చెల్లె "బాపూ, టొయోటా కార్లోళ్లు ముందుగాల సాంచలే చేసేటోళ్లట, ఇక్కడ మ్యూజియం ఉంది, నడిపి చూపెడ్తరు" అంది. అప్పటిదాకా "జపాన్‌ల నాకేం పని" అన్న మనిషి, మర్నాడు పొద్దున్నే పాస్‌పోర్టు ఫొటో ఎక్కడ దిగాలని నన్ను అడిగాడు.

నవంబరు 11, మంగళవారం: నగోయా, పూర్ణం రాసిన బ్రెడ్డు

మేం వెళ్ళింది కార్తీక మాసంలో. బాపు ఈ నెలంతా నీచు ముట్టడు, గుడ్డు కూడా. జపాన్‌లో ఇది ఎంత పెద్ద సమస్యో మాకు అప్పటికి తెలియదు.

మొదటి రోజు పొద్దున చెల్లె వాళ్ళ ఇంటి దగ్గర ఒక పాత కాఫీ హోటల్‌కి తీసుకెళ్ళింది. నగోయాలో దీన్ని "మోర్నింగు" అంటారు. పొద్దున పదకొండు లోపు కాఫీ చెబితే దానితో పాటు వెన్న రాసిన బ్రెడ్డు, ఉడకబెట్టిన గుడ్డు ఉచితం. కాఫీ 480 యెన్‌లు, మన డబ్బుల్లో 275 రూపాయల చిల్లర. ధర విని బాపు మొహం మాడ్చుకున్నాడు కానీ ప్లేటు వచ్చాక సర్దుకున్నాడు. గుడ్డు నాకిచ్చేశాడు. బ్రెడ్డు మీద ఎర్ర చిక్కుడు గింజల తీపి ముద్ద రాసి ఇచ్చారు, ఒగురా అంటారట. ఒక ముక్క కొరికి, ఆగి, "గిది పోలెల పూర్ణం గదరా" అన్నాడు. నిజంగానే పూర్ణమే, యాలకులు లేవంతే.

మా పక్క టేబుళ్ళ నిండా బాపు వయసు వాళ్ళే. పేపరు చదువుకుంటూ గంటలు గంటలు కూర్చుంటారు, ఎవరూ లేవమనరు. గోడకి చిన్న చిన్న కాగితాల కట్టలు గుచ్చి ఉన్నాయి. అవి రోజూ వచ్చేవాళ్ళ కాఫీ టికెట్లు, పది కాఫీల డబ్బు ముందే కట్టేస్తే పదకొండు టికెట్లు ఇస్తారు, వాటిని ఇంటికి కూడా తీసుకెళ్ళరు, అక్కడే వదిలేస్తారు.

ఈ మోర్నింగు అలవాటు ఎక్కడ పుట్టిందని చెబుతారో విన్నాక బాపు కాఫీ ధర గురించి మళ్ళీ మాట్లాడలేదు. నగోయా పక్కనే ఇచినోమియా అని నేత పట్నం ఉంది. 1950లలో అక్కడ గుడ్డకి మంచి గిరాకీ. కార్ఖానాలో మగ్గాల మోతకు బేరం మాట్లాడుకోవడం కుదరక సేట్లు, కొనేవాళ్ళు కాఫీ హోటళ్ళలో కూర్చునేవారట, రోజూ వచ్చే గిరాకీ కదా అని హోటల్ వాళ్ళు గుడ్డు, పల్లీలు పెట్టడం మొదలుపెట్టారు. ఆ రోజుల్ని వాళ్ళు "గచామాన్" అంటారు. మగ్గం ఒక్కసారి "గచా" అంటే "మాన్", అంటే పదివేల యెన్‌లు వచ్చిపడ్డట్టే అని.

"మనకు గచా అంటే పైస" అన్నాడు బాపు. పైసానే. పది పిక్కులకు (పిక్కు అంటే ఒక్క పేక పోగు) ఇన్ని పైసలని లెక్క కట్టిన కూలితోనే మేం చదువుకున్నాం.

నవంబరు 12, బుధవారం: ఎర్ర ఇటుకల మిల్లు

మ్యూజియానికి నగోయా స్టేషన్ నుంచి నడిచే వెళ్ళాం, ఇరవై నిమిషాలు అన్నారు, బాపు నడకకి ముప్పై ఐదు పట్టింది. టికెట్టు మనిషికి వెయ్యి యెన్‌లు. పొడవాటి ఎర్ర ఇటుకల కట్టడం. టొయోటా వాళ్ళ మూలపురుషుడు సకిచి టొయోడా 1911లో తన నేత కార్ఖానా పెట్టుకున్న స్థలమే ఇది, 1994లో మ్యూజియం చేశారు. కడుపుతో ఉన్న చెల్లె కూడా మాతోనే వచ్చింది, జపనీసు తనకే వచ్చు మరి.

లోపలికి అడుగుపెట్టగానే హాలు మధ్యలో పెద్ద గుండ్రటి మగ్గం. సకిచి 1906లో కనిపెట్టింది. నాడె (పేక పోగును మోసుకెళ్ళేది) ఇటునుంచి అటు, అటునుంచి ఇటు కొట్టుకోదు, గానుగెద్దులా చుట్టూ తిరుగుతుంది, గుడ్డ గొట్టంలా వస్తుంది. ఎదురుబొదురు కొట్టుకునే నాడె ప్రతిసారీ ఆగి వెనక్కి తిరగాలి, అందులో సగం బలం వృథా, గుండ్రంగా తిరిగితే ఆ వృథా ఉండదు, చప్పుడూ ఉండదు, ఇదీ ఆయన ఆలోచన. ఆ రోజుల్లో అది బజారులో నిలబడలేదు. ఇప్పుడు మనం బియ్యం, సిమెంటు తెచ్చుకునే ప్లాస్టిక్ సంచులు నేసేవి గుండ్రటి మగ్గాలే. బాపు దాని చుట్టూ రెండుసార్లు ప్రదక్షిణం చేసి, "మనిషి మంచోడే గని పిచ్చోడు" అని తేల్చాడు.

తర్వాత నేత యంత్రాల హాలు. ఇక్కడ ఒక మూల సకిచి మొదటి పేటెంటు మగ్గం ఉంది, 1891 నాటిది, మొత్తం చెక్క. దాని ముందు చాలాసేపు ఆగాం, ఎందుకంటే ఇది మాకు ఇంట్లో మనిషిలాంటిది. మా నాయనమ్మ గుంట మగ్గం మీద ఒక చేత్తో తాడు గుంజి నాడె విసిరేది, ఇంకో చేత్తో పేకను దగ్గరికి కొట్టేది. సకిచి చేసిందేమిటంటే, ఆ కొట్టే కదలికతోనే నాడె కూడా దానంతటదే పరుగెత్తేలా చేశాడు. ఒక చెయ్యి ఖాళీ అయింది. పని నలభై యాభై శాతం ఎక్కువైంది. మిగతా ప్రపంచానికి ఇది చిన్న సంగతే కావచ్చు. రాత్రి దీపం కింద రెండు చేతులూ ఆడించిన ఆడవాళ్ళకు చిన్నది కాదు. సకిచి అమ్మ కూడా రాత్రిళ్ళు నేసేదట.

అసలు బొమ్మ మాత్రం జీ టైపు మగ్గం. 1924లో తయారైంది. దాని దాకా రావడానికి ఆయనకి ముప్పై ఏళ్లకు పైగా పట్టింది: 1896లో పేక తెగితే ఆగే సాంచ, 1903లో నాడె మార్చే ఏర్పాటు, 1909లో దానికి ఇంకో మెరుగు. మధ్యలో 1910లో, తను పెట్టించిన కంపెనీ వాళ్ళే లాభం రాలేదని ఆయన్ని బయటికి పంపారు. అమెరికా వెళ్ళిపోయాడు. అక్కడ అడ్రినలిన్ పేటెంటు ఉన్న జోకిచి తకమినేని కలిశాడు, యూరప్ తిరిగాడు, వచ్చి ఇదిగో ఈ ఇటుకల స్థలంలో మళ్ళీ మొదలుపెట్టాడు.

ఇరవై ఏళ్ల పిల్ల, గైడు, జీ టైపు మగ్గాలు నడిపింది. మోత మొదలైంది. బాపు కళ్ళు మూసుకున్నాడు. నేను టెన్షన్ పడ్డాను, ప్రయాణం బడలికతో కళ్ళు తిరుగుతున్నాయేమోనని. కాదు, వింటున్నాడు. కాసేపటికి కళ్ళు తెరిచి "నాలుగోదాంట్ల దెబ్బ కొంచెం వెనుకబడ్తున్నది" అన్నాడు. చెల్లె దాన్ని తర్జుమా చేస్తే ఆ పిల్ల గబుక్కున నాలుగో మగ్గం దగ్గరికెళ్ళి చెవి పెట్టి విని, మా వైపు తిరిగి నడుము దాకా వంగి దండం పెట్టింది. బాపు కూడా వంగబోయాడు, నడుం పట్టేసింది.

ఇది పనిచేసే తీరు చెబుతాను. మా సాంచల్లో నాడెలో కండె (నూలు చుట్టిన పుల్ల) అయిపోవస్తే సాంచ ఆపాలి, నాడె తీయాలి, నిండు కండె వేయాలి, పోగు ఎక్కించాలి, మళ్ళీ నడపాలి. జీ టైపులో ఒక ఇనుప వేలు కండెను తడిమి చూస్తూ ఉంటుంది. నూలు అయిపోవచ్చిందని తెలియగానే పక్కన పేర్చి ఉన్న కొత్త నాడె వచ్చి పాతదాన్ని నెట్టేస్తుంది. సాంచ ఆగదు, వేగం కూడా తగ్గదు. రెప్ప వేసి తెరిచేలోగా అయిపోతుంది, మూడుసార్లు చూస్తే గానీ నాకు కనబడలేదు. అమెరికా వాళ్ళు అప్పటికే కండె మార్చే యంత్రం చేశారు, ఈయన నాడెనే మార్చేశాడు.

ఇంకోటి, పడుగు. ప్రతి పడుగు పోగు మీద ఒక సన్నటి ఇనుప రేకు వేలాడుతుంది. పోగు తెగితే రేకు కింద పడుతుంది, రేకు పడితే సాంచ ఆగుతుంది. ఆ పిల్ల మా ముందే ఒక పోగును వేలితో తెంపింది. టక్. ఆగిపోయింది.

బాపు నవ్వాడు. "మల్లొకసారి" అన్నాడు. మళ్ళీ తెంపింది, మళ్ళీ ఆగింది. ఇలాంటి ఏర్పాట్లు మొత్తం 24 ఉన్నాయట ఒక్క మగ్గానికి. మా సాంచలు పాత లాంకషైర్ మగ్గాలకు నకళ్ళే, పడుగు తెగితే వాటికి తెలియదు. మనిషే తిరుగుతూ చూసుకోవాలి, చూడకపోతే గుడ్డలో గీత పడుతుంది, సేటు కోత పెడతాడు. బాపు పన్నెండు గంటలు ఎనిమిది సాంచల మధ్య తిరిగింది ఆ ఒక్క పోగు కోసమే.

అందుకే ఆయన అడిగిన ప్రశ్న నేను ఊహించలేదు. "ఆగితే కూలి ఎవలిస్తరు?"

చెల్లె అడిగింది. ఆ పిల్లకి అర్థం కాలేదు. చెల్లె మళ్ళీ వివరంగా, మా దగ్గర నేసినదానికే డబ్బులు, సాంచ నిలబడితే ఆ నిమిషానికి పైస రాదు అని చెప్పింది. ఆ పిల్ల లోపలికి వెళ్ళి ఒక పెద్దాయన్ని వెంటబెట్టుకొచ్చింది. ఆయన నిదానంగా చెప్పాడు: ఆగితేనే ఒక్క మనిషి ముప్పై మగ్గాలకు పైగా చూసుకోగలడు, లేకపోతే ఒకటి రెండు దాటి చూడలేడు. టొయోటా కార్ల ఫ్యాక్టరీలో ఇప్పటికీ ఇదే సూత్రమట, జిదోకా అంటారు. "తనంతట తాను కదిలేది" అని రాసే అక్షరానికి పక్కన మనిషి గుర్తు ఒకటి కలిపి రాస్తారు, కాగితం మీద రాసి మరీ చూపించాడు.

బాపు ఆ కాగితాన్ని చూసి, "గట్లయితే మిగిలిన ముప్పై మంది యాడికి పోయిన్రు?" అన్నాడు.

చెల్లె దీన్ని తర్జుమా చేయడానికి మొహమాటపడింది. చేసింది. పెద్దాయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నవ్వి, తను కూడా నేతగాళ్ళ కొడుకునే అన్నాడు. ఇద్దరూ కలిసి నాడెను నోటికి పెట్టుకుని పోగు పీల్చే పని అభినయించి చూపించుకున్నారు, దూది నోట్లోకి పోతే వచ్చే దగ్గు కూడా. మాటలేవీ అక్కర్లేకపోయింది.

నవంబరు 13, గురువారం: మళ్ళీ అక్కడికే, ఆపైన చారు గొడవ

నేను కోట చూద్దామన్నాను. బాపు మ్యూజియానికే పోదామన్నాడు. ఇంకో రెండు వేల యెన్‌లు. ఈసారి ఆయన్ని మగ్గాల దగ్గర బల్ల మీద కూర్చోబెట్టి నేను కార్ల హాలు చూసొచ్చాను. సకిచి కొడుకు కీచిరో మగ్గాల కార్ఖానాలోనే ఒక మూల కార్ల విభాగం పెట్టాడు. 1929లో ఇంగ్లండులో ఓల్డమ్‌లోని ప్లాట్ బ్రదర్స్, అప్పటికి నేత యంత్రాల్లో ప్రపంచంలోనే పెద్ద పేరు, జీ టైపు పేటెంటు హక్కుల కోసం లక్ష పౌండ్లకు ఒప్పందం చేసుకుంది. ఆ డబ్బుతోనే కార్ల పరిశోధన మొదలైందని చెబుతారు. మర్నాటి ఏడు, 1930లో సకిచి పోయాడు. కొడుకు చేసిన కారు చూడలేదు. ఇంటిపేరు టొయోడా, కారు పేరు టొయోటా. వాళ్ళ లిపిలో టొయోటాకి ఎనిమిది గీతలు వస్తాయి, ఎనిమిది వాళ్ళకి కలిసొచ్చే అంకె. మనవాళ్ళు పేర్లలో అక్షరాలు పెంచుకోవడం గుర్తొచ్చింది.

ప్లాట్ వాళ్ళ సంగతి చెబితే బాపు నమ్మలేదు. "ఇంగ్లండోడు జపానోని కాడ కొన్నడా? మనకాడ మిల్లులల్ల మగ్గాలన్నీ ఇంగ్లండోనియే గద." అందుకే కదా ఇది కథ అయింది.

మధ్యాహ్నం తిండి దగ్గర గొడవ. కూరగాయల నూడుల్స్ అని చెప్పి తెప్పించాం. బాపు రెండు గరిటెలు చారు తాగి "నీచు వాసన" అన్నాడు. చెల్లె తలపట్టుకుంది. ఇక్కడ చారు అంటే దాషి, అందులో ఎండు చేప తురుము ఉంటుంది, కూరగాయలు వేసినా చారు అదే. మాంసం లేదంటే లేదంటారు, అబద్ధం కాదు, చారుని వాళ్ళు లెక్కలోకి తీసుకోరు. పాపం హోటలావిడ గిన్నె వెనక్కి తీసుకుని, డబ్బు వద్దని, అన్నం మీద నువ్వులు చల్లి తెచ్చింది. బాపు దాంట్లో, చెల్లె సంచిలో ఎప్పుడూ ఉండే మామిడికాయ తొక్కు కలుపుకుని తిన్నాడు.

రాత్రి చెల్లె కొంబు అనే సముద్రపు నాచుతో చారు కాచింది, చేప లేకుండా. బాగుంది, ఏదో కమ్మదనం. ఆ కమ్మదనం ఏమిటని వెతికే కికునే ఇకెదా అనే కెమిస్ట్రీ ప్రొఫెసర్ 1908లో దానిలోంచి గ్లుటమేట్ తీసి పేటెంటు తీసుకున్నాడు. మర్నాటి ఏడు నుంచి అదే అజినోమోటోగా అమ్మకానికొచ్చింది. మా సిరిసిల్ల గాంధీ చౌక్ బండి మీద నూడుల్స్‌లో చల్లే తెల్లపొడి. జపాన్ వాళ్ళు పెద్ద ఆవిష్కర్తలని చెప్పుకునే పదిమందిలో ఈయనా, మగ్గాల సకిచీ ఇద్దరూ ఉంటారు. బాపు ఇంకో గిన్నె అడిగాడు. పేటెంటు సంగతి పట్టించుకోలేదు.

నవంబరు 14, శుక్రవారం: తప్పు స్టేషన్, తర్వాత కొసాయి

సకిచి పుట్టిన ఇల్లు కొసాయి అనే ఊళ్ళో ఉంది, నగోయాకి తూర్పున, హమానా సరస్సు ఒడ్డున. వషిజు అనే స్టేషన్‌లో దిగాలి. చెల్లె అలసిపోయి రాలేదు. నేను ఫోన్లో "టొయోడా" అని కొట్టాను. టొయోడాచో అని ఒక స్టేషన్ చూపించింది. ఇంకేం, అదే అనుకున్నాను. రైలు వషిజులో ఆగింది, మేం దర్జాగా కూర్చున్నాం. సరస్సు సముద్రంలో కలిసే చోట నీళ్ళ మధ్యలో ఎర్రటి తోరణం కనబడితే బాపుకి ఫొటో కూడా తీశాను. హమామత్సు దాటి, ఇంకో పెద్ద నది దాటి, టొయోడాచోలో దిగాక, గేటు దగ్గర స్టేషన్ ఆయన నా ఫోన్ చూసి తల అడ్డంగా ఊపాడు. ఆ ఊరి పేరు అది, అంతే. సకిచికి సంబంధమే లేదు.

ఆయన టోపీ తీసి, కాగితం మీద వెనక్కి వెళ్ళే రైలు టైము రాసి, మమ్మల్ని ప్లాట్‌ఫారం మారే మెట్ల దాకా దిగబెట్టాడు. ఎర్ర తోరణం రెండోసారి కూడా చూశాం. ఈసారి బాపు ఫొటో వద్దన్నాడు.

వషిజు నుంచి టాక్సీ ఎక్కితే పోయేది. పొద్దున పోగొట్టిన డబ్బు ఇక్కడ మిగిలిద్దామని నడిచాం. మూడు కిలోమీటర్లే. మళ్ళీ ఒక మలుపు తప్పి కమలాతోటల మధ్యకి పోయాం. అది కాపు రోజులు, చెట్ల నిండా పండ్లు. దారి పక్కన చెక్క బల్ల, దాని మీద సంచుల్లో కమలాపండ్లు, పక్కన డబ్బా. మనిషి లేడు. సంచి వంద యెన్‌లు. బాపు అటూ ఇటూ చూశాడు. "ఎవలు లేకుంటే ఎట్లిస్తరు పైసలు?" డబ్బాలో వేయాలన్నాను. వంద నాణెం తనే తీసుకుని వేశాడు, చప్పుడు వచ్చేలా. పది పండ్లు ఉన్నాయి, రోడ్డు గట్టున కూర్చుని ఆరు తిన్నాం. ఈ ప్రయాణంలో ఇంత చవకగా, ఇంత కడుపునిండా తిన్నది ఇంకెక్కడా లేదు.

సకిచి ఇల్లు చిన్నది. గడ్డి కప్పు, అరుగు, మట్టి నేల వంటిల్లు. ప్రవేశం ఉచితం. నాన్న వడ్రంగి, కొడుకు కూడా వడ్రంగి కావాలనే అనుకున్నాడు. 1885లో జపాన్ ప్రభుత్వం పేటెంటు చట్టం తెచ్చింది. సకిచికి అప్పుడు పద్దెనిమిది. డబ్బు, చదువు, కులం, ఏదీ లేని పల్లెటూరి కుర్రాడికి, ఏదైనా కనిపెడితే అది నీదే అని ప్రభుత్వం కాగితం రాసిస్తుందని తెలిసింది. ఇక పొద్దస్తమానం కొట్టంలో దూరి మగ్గాలు విప్పడం, కట్టడం. 1890లో టోక్యోలో ప్రదర్శన పెడితే పోయి రోజుల తరబడి యంత్రాల ముందు నిలబడ్డాడు. ఊళ్ళోవాళ్ళు పిచ్చోడన్నారు. బాపు మొన్న అన్న మాటే.

నాకు అక్కడ ఆలేరు వైపు చింతకింది మల్లేశం గుర్తొచ్చాడు. చీరకి ఆసు పోయడానికి, అంటే నేతకి ముందు నూలు వరస చుట్టడానికి, అమ్మ లక్ష్మి వేలసార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పడం, భుజం నొప్పి చూడలేక, ఏళ్ళ తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం చేశాడు, అమ్మ పేరే పెట్టాడు, పేటెంటూ వచ్చింది, 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన్ని కూడా ముందు పిచ్చోడనే అన్నారు. ఈ మాట బాపుతో అంటే, "మల్లేశానికి లక్ష పౌండ్లు ఎవలియ్యలే గద" అన్నాడు.

కాపలా పెద్దావిడ మాకు వేడి టీ ఇచ్చింది. మేం మిగిలిన నాలుగు కమలాల్లో రెండు ఇచ్చాం. ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది, ఎందుకో బయటికొచ్చాక తెలిసింది. వాళ్ళ వాకిట్లోనే రెండు కమలాచెట్లు విరగకాసి ఉన్నాయి.

నవంబరు 15, శనివారం: హమామత్సు

హమామత్సులో వీధి మలుపు తిరిగితే చాలు, బొగ్గుల మీద కాల్చే ఈల్ చేప వాసన. నాకు కార్తీక నియమం లేదు గానీ బాపు పక్కన ఉండగా తినలేకపోయాను. ఈ బాధ ఇంకా ఉంది. ఇద్దరం అన్నం ముద్దల్లో ఉప్పు ఊరిన రేగుపండులాంటిది పెట్టి అమ్మేవి కొనుక్కున్నాం, ఒక్కోటి 150 యెన్‌ల లోపే. లోపలి పండు బాపుకి తెగ నచ్చింది. "నిమ్మకాయ తొక్కు లెక్కనే ఉన్నది, జర్ర కారం పడాలె."

ఇక్కడ సుజుకి వాళ్ళ చరిత్ర మ్యూజియం ఉంది, ముందే పేరు నమోదు చేసుకుంటే ఉచితం. మిచియో సుజుకి కూడా వడ్రంగే, తల్లి కోసం 1908లో చెక్క కాలి మగ్గం చేశాడని చెబుతారు. 1909లో మగ్గాల కార్ఖానా పెట్టాడు. చారల గుడ్డ నేయడానికి రెండు నాడెలను పైకీ కిందికీ మార్చే పెట్టె ఆయన మొదటి పేటెంటు తరహా హక్కు, 1912లో. తర్వాత లుంగీలు నేసే మగ్గాలు చేసి ఆగ్నేయాసియాకు అమ్మాడు. ఆ మగ్గాల కంపెనీయే 1955లో చిన్న కారు చేసింది, 1983లో మన దగ్గరికి మారుతి రూపంలో వచ్చింది.

అంటే మన రోడ్ల మీద సగం కార్ల వెనక రెండు మగ్గాల కార్ఖానాలున్నాయి, రెండూ ఒకే సరస్సు చుట్టుపక్కల పుట్టిన వడ్రంగులవి. నేను దీన్ని తెగ ఉత్సాహంగా చెప్పాను. బాపు పాత మగ్గం కాలిపలకను చూస్తూ, "వాళ్లు మగ్గాలు చేసి కార్లు చేసిన్రు. మనం మగ్గాలు నడిపి సైకిల్ కొన్నం" అన్నాడు. కోపంగా కాదు. మామూలుగా, లెక్క చెప్పినట్టు.

నవంబరు 17, సోమవారం: నగోయా, చివరి రోజు

కార్తీక సోమవారం, బాపు ఉపవాసం. మ్యూజియానికి సోమవారం సెలవు కాబట్టి మళ్ళీ పోదామనే బేరం లేకుండా బతికాను. మొదటిరోజు అక్కడి దుకాణంలో ఒక చేతిగుడ్డ కొన్నాం. ఆ గుడ్డని బాపు కిటికీ దగ్గర పెట్టుకుని, నా ఫోన్‌లో భూతద్దం పెట్టించి, అంగుళానికి ఎన్ని పోగులో లెక్కపెట్టాడు. పడుగు ఒకసారి, పేక ఒకసారి, అనుమానం వచ్చి పడుగు మళ్ళీ ఒకసారి. చెల్లె టీ తెచ్చి పెట్టి చల్లారిపోయి తీసుకెళ్ళింది.

"ఎట్లున్నది బాపూ?" అంది.

"నేత మంచిగున్నది. ఒక్క పోగు పోలే" అన్నాడు. గుడ్డను తిప్పి, అంచు మీద వేలు నడిపి చూశాడు. "అంచు మాత్రం నేనే మంచిగ తీస్త."